మిరపకాయల్లోకి దూరిన మౌసు

ముందు ఆ టీ మింగెయ్యండి, తర్వాత చెప్తాను. మధ్యలో నవ్వొచ్చి నా చీర మీద ఊశారంటే ఊరుకోను. మొన్న నా మణికట్టు నొప్పి ఒక లారీ లోడు మిర్చిని ఆపేసిందర్రా! ఒట్టు. చెయ్యి నాది, నొప్పి నాది, ఆగింది మాత్రం మా ఓనర్ గారి లారీ!

నేను చేసే పని మీకు తెలుసుగా. గుంటూరు మిర్చి యార్డుకి దగ్గర్లో, కాయలు ఎగుమతి చేసే కొట్టు. బయట షెడ్డులో ఎర్రగా కాయల రాశులు, లోపల చిన్న గదిలో నేనూ, నా కంప్యూటరూ. పొద్దున కూర్చుంటే పొద్దుగూకేదాకా బిల్లులే బిల్లులు. మౌసు పట్టుకుని తిప్పీ తిప్పీ మణికట్టు దగ్గర మొదలైన సలుపు మోచేతి దాకా పాకింది. చపాతీ పిండి కలపలేను, జడ వేసుకోలేను, మిక్సీ జార్ మూత తియ్యాలంటే మా ఆయన్ని పిలవాలి. డాక్టర్ గారి దగ్గరికెళ్తే చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, "నొప్పికి మందు నేనిస్తాను గానీ, ఆ మౌసు మార్చు తల్లీ" అన్నారు.

మార్చు అన్నారు, బానే ఉంది. దేంతో మార్చాలో చెప్పొద్దూ?

ఇంక చూడండి, నాకు కుదురు పోయింది. ఫోన్లో మౌసుల వీడియోలు, మౌసుల రివ్యూలు. పాలు పొయ్యి మీద పెట్టి రివ్యూ చదువుతుంటే పాలు పొంగి పొయ్యి ఆర్పేశాయి. మా ఆయన, "పెళ్ళిచూపులప్పుడు కూడా నువ్వింత ఆలోచించలేదే" అన్నాడు. "అందుకే ఇప్పుడు ఆలోచిస్తున్నా" అన్నాను. 

ముందు ఖర్చు లేని దారి చూద్దామని ఎడమ చేత్తో మొదలెట్టా. నేను స్క్రీన్ మీద బాణాన్ని తూర్పుకి పంపిస్తే అది పడమరకి పోతుంది. సేవ్ చెయ్యబోయి పొద్దున్నించీ చేసిన పనంతా డిలీట్ చేసేశా. సరే, అది మనకి కాదు. తర్వాత మా ఆడపడుచు దగ్గర నిలబడే మౌసు ఉందంటే అడిగి తెచ్చుకున్నా. వర్టికల్ మౌసు అంటారట. ఎవరికో షేక్‌హ్యాండ్ ఇస్తున్నట్టు పట్టుకోవాలి. ఆవిడది పెద్ద చెయ్యి, నాది చిన్నది. పొద్దస్తమానం ఎవరో పొడుగాటి మనిషి నా చెయ్యి పట్టుకుని వదలనట్టే ఉంది. పైగా నేను ఏ పెన్ను కోసమో చెయ్యి చాపినప్పుడల్లా అది దబ్బున పడిపోతుంది. ఒకసారి పడ్డప్పుడు పక్కనున్న మంచినీళ్ళ గ్లాసుని కూడా తోడు తీసుకెళ్ళింది. మర్నాడే తిరిగిచ్చేశా.

ఆఖరికి ట్రాక్‌బాల్ అనేది దొరికింది. ఇది కదలదు, ఉన్నచోటే బుద్ధిగా కూర్చుంటుంది. పక్కన గుంటలో ఉసిరికాయంత బంతి. బొటనవేలితో ఆ బంతిని దొర్లిస్తే స్క్రీన్ మీద బాణం కదులుతుంది. మణికట్టుకి పనే లేదు! బంతి రంగులు మూడు: నలుపు, బూడిద, ఎరుపు. నేనేది తీసుకున్నాను? ఎరుపు. ముచ్చటగా ఉందిలే అని.

మొదట్లో స్వర్గమే అనుకోండి. సలుపు తగ్గింది. జడ నేనే వేసుకున్నా. కానీ మా కొట్టు సంగతి తెలిసిందేగా, మా గాలి కూడా ఎర్రగానే ఉంటుంది. ఆ కారం దుమ్మంతా గుంటలోకి చేరి బంతి పట్టెయ్యడం మొదలైంది. వీడియోలో ఏం చెప్పాడంటే, అడుగున చిన్న కంత ఉంటుంది, పెన్సిల్‌తో మెల్లగా పొడిస్తే బంతి బయటికొస్తుంది, తుడిచి మళ్ళీ పెట్టుకోండి అని. మెల్లగా అన్నాడు. అన్నాడు పాపం.

సరిగ్గా మొన్న ఏమైందంటే, పెద్ద లోడు వెళ్ళాలి. కొనేవాళ్ళ తరపున సరుకు చూడ్డానికి ప్రసాద్ గారని ఒకాయన వచ్చారు. తలకి టోపీ, మూతికి మాస్కు, చేతులకి గ్లవ్స్. ఎక్కడో కాయల్లో పిట్ట ఈక కనపడిందని లోడంతా వెనక్కి పంపేసిన మనిషని పేరు. మా ఓనరు వెంకట్రావు గారికి పొద్దున్నుంచే చెమటలు. నా గదిలోకొచ్చి, "సుధమ్మా, ఆయనున్నంతసేపూ చిన్న పొరపాటు కూడా జరక్కూడదమ్మా. ఆయన ఊ అనగానే బిల్లు చేతిలో పెట్టాలి" అని నెమ్మదిగా చెప్పి వెళ్ళారు.

ఊ అనే టైం వచ్చింది. నా బంతి పట్టేసింది! దొర్లించా, కదల్లేదు. ఊదా, కదల్లేదు. బయట లారీ డ్రైవరు హారన్ కొడుతున్నాడు.  పెన్సిల్ తీసి కంతలో ఒక్క పోటు పొడిచా. ఆ బంతి ఎగిరి టేబుల్ మీద పడి, అక్కణ్ణుంచి నేల మీద టంగున గెంతి, గుమ్మం దాటి, షెడ్డులోకి దొర్లుకుంటూ పోయి, మా ఆడవాళ్ళు బస్తాలకెత్తుతున్న ఎర్రటి కాయల రాశిలోకి దూరింది. ఎర్ర బంతి. ఎర్ర కాయలు.

నేను పరిగెత్తుకుంటూ వెళ్ళి గావుకేక పెట్టా. "ఆపండి! బస్తాలు ఎత్తకండి! కాయల్లోకి నా మౌసు దూరింది!"

మా మరియమ్మ లేదూ, కాయలు ఏరేవాళ్ళకి పెద్ద, ఆవిడ గొంతుకి మైకు అక్కర్లేదు. "ఏంటండీ దూరిందీ?" అంది.

"మౌసు! మౌసు!"

"ఓయమ్మో, మౌసంటే ఎలకే! కాయల్లో ఎలక దూరిందంట, లెగండే!" అని ఒక్క అరుపు అరిచింది.

అంతే! ఆడవాళ్ళందరూ చీరలు ఎత్తిపట్టుకుని నిండు బస్తాలెక్కేశారు. హమాలీ ఒకడు పార తీసుకుని, "ఏదిరా, ఎటు పోయిందిరా?" అని రాశి చుట్టూ తిరుగుతున్నాడు. ఇంకొకడు తలుపు మూసెయ్యమంటాడు. ఇంకొకడు తెరిచి పెట్టమంటాడు. రేగిన దుమ్ముకి అందరికీ పొలమారి దగ్గులూ, తుమ్ములూ. ఆ ఎర్ర మబ్బులోంచి మాస్కు సర్దుకుంటూ ప్రసాద్ గారు వచ్చారు.

"సరుకులో ఎలుక ఉందా?" అన్నారు.

మా ఓనర్ గారు అడ్డమొచ్చారు. "అబ్బెబ్బె, మా గోడౌన్లో ఎలుకలే లేవండీ!"

నేను ఊరుకోవచ్చుగా? ఊరుకోను. "ఉందండీ, నా కళ్ళారా చూశా, ఇందులోకే వెళ్ళింది. అది నాదేనండీ!"

ఓనర్ గారు నా వైపు తిరిగి, "నీదేంటమ్మా? ఎలకని పెంచుతున్నావా?" అన్నారు. గొంతులో ఏడుపే తక్కువ.

"ఎలుక కాదండీ, కంప్యూటర్ మౌసు. అది కూడా మొత్తం కాదండీ, దాని బంతి. చెయ్యి నొప్పి కదండీ, డాక్టర్ గారు మార్చమన్నారు, ఎడమ చేత్తో చేస్తే కుదర్లేదు, మా ఆడపడుచుది పడిపోతోంది..." అని మొత్తం పురాణం మొదలెట్టా. ప్రసాద్ గారు చెయ్యెత్తి ఆపారు. "ఎలుకో, బంతో, నాకు కనపడాలి. కనపడేదాకా ఒక్క బస్తా కదలదు. బంతే అయితే ఇంకా ప్రమాదం, మా కారం మిల్లులో పడితే మిషన్ పోతుంది."

ఇంక వేట! రాశంతా టార్పాలిన్ పరదా మీదకి తిరగేశారు. నింపిన బస్తాలు మళ్ళీ కుమ్మరించారు. తప్పు నాదాయె, నేనే ముందు కూర్చుని రెండు చేతులూ మోచేతుల దాకా పెట్టి కెలికా. గ్లవ్స్ వేసుకోవాలన్న ఆలోచనే రాలేదు. కాసేపటికి వేళ్ళ సందుల్లో నిప్పులు పోసినట్టు మంట. చెమట కారుతోందని ముంజేత్తో కళ్ళు తుడుచుకున్నా. అయిపోయింది! కళ్ళు మూతలు పడిపోయాయి. బొటబొటా నీళ్ళు. నేను ఏడుస్తున్నాననుకుని మరియమ్మకి జాలేసింది. "పోనీలెండమ్మా, బంతే కదా, మా ఇంట్లో ఉంది, రేపు తెచ్చిస్తా" అంది.

కళ్ళు కనపడక గుడ్డిగా తడుముతుంటే, కాయల మధ్య నున్నగా, గుండ్రంగా ఏదో తగిలింది. పట్టుకుని పైకెత్తా. "దొరికింది!" అని అరిచా. అందరూ చప్పట్లు! మరియమ్మ దగ్గరికొచ్చి దాన్ని చూసి, "దీనికా మమ్మల్ని బస్తాలెక్కించింది?" అంది.

ప్రసాద్ గారు గ్లవ్స్ చేత్తో బంతిని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "మిర్చి కొట్టులో పనిచేస్తూ ఎర్ర బంతి ఎందుకు కొన్నారమ్మా?"

"ముచ్చటగా ఉందని సార్."

ఆయన బంతి నా చేతిలో పెట్టారు. మాస్కు కింద నవ్వారో లేదో నాకు కనపళ్ళేదు, కళ్ళు తెరుచుకుంటేగా!

లోడు పాసైంది. కానీ బిల్లు తియ్యాలి కదా! నా చేతులు రెండూ పెరుగు గిన్నెలో ఉన్నాయి. ఓనర్ గారే కుర్చీలో కూర్చుని, నేను చెప్పినట్టు బంతి తుడిచి లోపల పెట్టి, ఆ ట్రాక్‌బాల్‌ని టేబులంతా ఈడ్చడం మొదలెట్టారు. "ఇది కదలట్లేదేంటమ్మా?"

"దాన్ని కాదండీ, బంతిని కదపాలి. బొటనవేలితో, మెల్లగా."

ఆయన బొటనవేలు నా బొటనవేలికి రెట్టింపు. బాణం ఒక మూల నుంచి ఇంకో మూలకి పిచ్చెక్కినట్టు పరిగెత్తింది. ఆ బిల్లు బయటికొచ్చేసరికి ఆయన చొక్కా తడిసిపోయింది. బిల్లు అందుకున్న ప్రసాద్ గారు గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చారు.  ఆయన గ్లవ్స్ తీసేసి, తన మణికట్టు రుద్దుకుంటూ, మెల్లగా అడిగారు. "నాక్కూడా ఆర్నెల్లుగా ఇదే నొప్పమ్మా. అది నిజంగా పనిచేస్తోందా?"

"పనిచేస్తోంది సార్. నల్ల బంతిది కొనుక్కోండి" అన్నాను.

ఇక్కడితో అయిపోతే బానే ఉండేది. మర్నాడు పొద్దున గదిలోకి వెళ్ళేసరికి నా టేబుల్ మీద ఏముందో తెలుసా? ఎలకల బోను! లోపల భద్రంగా నా ట్రాక్‌బాల్. గుమ్మం దగ్గర మరియమ్మా, ఆవిడ జట్టూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చూస్తున్నారు. "మళ్ళీ పారిపోకుండా కట్టేశామమ్మగారూ!" అంది.

నేను కూడా నవ్వుతూ, పెద్ద తెలిసినదానిలా, బోనులో చెయ్యి పెట్టా. టప్పుమని తలుపు పడింది.

ఇదిగో, ఈ కట్టు అదే. నొప్పి మణికట్టుది కాదర్రా, బొటనవేలిది. ఎలుకలు లేవని ఓనర్ గారు ఒట్టేసి చెప్పిన గోడౌన్లో, ఆ బోనులో పడ్డ మొదటి ప్రాణిని నేనే!