చప్పుడు లేని బండి

సునామీకి మా పొలంలో ఉప్పునీళ్లు నిలిచి పంట పోయాక, మా దీవిలోని మాయాబందర్ దగ్గర వక్కతోటల్లో కూలికెళ్లేవాళ్లం. పదిమంది ఆడవాళ్లం ఒకే డీజిల్ జీపులో ఇరుక్కునేవాళ్లం. ఆ మోతలో పక్కమనిషికి వినబడాలన్నా గొంతు చించుకోవాల్సిందే.

ఏళ్ల తర్వాత జీపు పోయి బ్యాటరీ బండి వచ్చింది. పొగ లేదు, చప్పుడు లేదు. మా గొంతులు మాత్రం తగ్గలేదు. మొదటిరోజే, సరిగ్గా మా గుమ్మం ముందు, "మా అత్త చేపల పులుసు కంటే సునామీ నీళ్లే నయం!" అని అరిచాను.

"ధీరే, దీదీ!" అని మెల్లగా మాట్లాడమన్నాడు డ్రైవర్ భయ్యా. అప్పటికే అత్త గుమ్మంలో ఉంది. తప్పు నాదా? మోగని బండిది!

సాయంత్రం ఇల్లు చేరగానే అత్త ఒకటే మాటంది.

"రేపు ఆ బండిలో నాకూ చోటుంచు. నీ పప్పు సంగతి నేనూ ఊరికి చెప్పాలి."