ఇంజన్లు కాగిన చోట పుట్టిన ఊరు

బస్సు ఆగని ఊరికి బస్సులో వెళ్లడమంటే మాటలా! సూర్యాపేటలో మా అక్క ఇంటికి వెళ్లినప్పుడల్లా కేతేపల్లి దాటాక కిటికీలోంచి ‘బాయి స్టేజీ’, అంటే బావి దగ్గరి బస్టాపు, కనిపించేది. నాలుగు చాయ్ హోటళ్లు, పంచర్ దుకాణాలు, వాటి వెనక ఇళ్లు. వంతెన కట్టాక ఎక్స్‌ప్రెస్‌లన్నీ పైనుంచే పోతున్నాయి. ఆదివారం నుంచి వారంపాటు ఆర్టీసీ వాళ్లు కిందికి పంపి చూస్తారట, జనం ఎక్కి దిగితేనే స్టాపు నిలుస్తుందట. అక్క ఈ మాట చెప్పగానే సంచీ సర్దేశాను. రోడ్డు పక్కన ఊరెలా పుడుతుందో నాకు ఎప్పటినుంచో కుతూహలం.

ఆదివారం పొద్దున్నే ఎల్బీనగర్‌లో ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు ఉచితం, మగవాళ్లు రెండొందలదాకా పెట్టుకోండి. రెండున్నర గంటల్లో కేతేపల్లి, అక్కణ్నుంచి షేర్ ఆటో. మొదటి హోటల్లో హుసేన్‌బీ అనే పెద్దావిడ, ఏం కావాలని అడక్కుండానే చెంబుతో నీళ్లిచ్చింది.

“గప్పుడు గీడ ఏముండె బిడ్డా? యాదయ్య వాళ్ల బాయి, గంతే. బస్సుల ఇంజన్లు కాగి పొగలు కక్కుతుండె. మా ఆయన బాయిల నీళ్లు మోస్కొచ్చి పోసేటోడు. ఇంజన్ సల్లారేదాకా జనం ఊకె కూసుంటరా? నేను చాయ్ పెట్టిన.”

పక్కనే కూర్చున్న రైతు యాదయ్య అందుకున్నాడు. “మా తాత ఒక్కటే షరతు పెట్టిండు. చాయ్‌కి పైసలు తీస్కోండ్రి, నీళ్లకు మాత్రం వద్దు అని. ఇయ్యాల్టికీ గదే నడుస్తాంది.”

చాయ్ వెనక పంచర్ షాపు, దాని వెనక కిరాణా, ఆ వెనక ఊరు. ఎంత ముచ్చటేసిందో!

పదకొండింటికి బస్సు నిజంగానే కిందికి దిగింది. డప్పులు మోగాయి, కొబ్బరికాయ కొట్టారు, డ్రైవర్ మెడ దండలతో నిండిపోయింది. కండక్టర్ లడ్డూ నములుతూ అడిగాడు: “అంత మంచిగనే ఉన్నది గానీ, ఎక్కేటోళ్లెవరు?”

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఊరంతా స్వాగతానికే వచ్చింది, ప్రయాణానికి ఒక్కరూ రాలేదు!

హుసేన్‌బీ కొంగు దోపుకుంది. “యాదయ్యా, జర చాయ్ పొయ్యి చూస్కో. నేను పోతున్న.”

“యాడికవ్వా?” అన్నాడు కండక్టర్.

“నీ బస్సు యాడికి పోతే గాడికి!”

నవ్వులే నవ్వులు. ఆమె వెనకే ఆడవాళ్లంతా ఎక్కేశారు, డప్పులవాళ్లూ ఎక్కారు. నేను ఆగుతానా?

చరిత్ర అంటే కోటలూ శాసనాలూ అనుకునేదాన్ని. కానీ ఆ రోజు అది నా పక్క సీట్లోనే కూర్చుంది. బస్సు ఎత్తు రోడ్డెక్కగానే హుసేన్‌బీ కిటికీలోంచి వెనక్కి చూసి, “అరె, మా ఊరు గింత పెద్దగైందా!” అని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. నాకు కళ్లు చెమర్చాయి. మీరు వెళ్తే ఒక్క పని చేయండి: ఎక్కగానే కండక్టర్‌కు ‘బాయి స్టేజీ’ అని గట్టిగా చెప్పి, అక్కడ దిగండి. దిగేవాళ్లుంటేనే ఆ ఊరికి బస్సు.