బిడ్డ కింద డాలు

డెబ్బైల చివర్లో ఒకసారి మదనపల్లె నుంచి పుంగనూరు వెళ్ళే బస్సెక్కాను. గుంటూరులో చరిత్ర పాఠాలు చెప్పుకునేవాణ్ణి కదా, బస్సులోనూ చేతిలో పాతకాలపు ఇంగ్లండు ఆంగ్లో-శాక్సన్ యుద్ధాల పుస్తకమే. పక్కన ఒక రైతు ఇంటి పెద్దావిడ కూర్చుంది. ఆమె ఒడిలో, ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకెళ్తున్న పసిపిల్ల. కిటికీ దగ్గర కోడలు నిద్రపోతోంది.

పుస్తకంలో గుండ్రటి కొయ్య డాలు బొమ్మ చూసి పెద్దావిడ వేలు పెట్టింది.

"ఇట్లాంటిది మా ఇంట్లోనూ ఉండాదప్పా. పాళెగాళ్ళ కాలంలో మా పెద్దోళ్ళు పట్టింది."

ఆ ఇంగ్లండు యోధుల్లో చాలామందిని చనిపోయాక డాలుతోపాటే పాతిపెట్టేవారని చెప్పాను. ఆమెకు అది నచ్చలేదు.

"మంచిదాన్ని మన్నులో యాల పెట్టల్ల? మేము పుట్టిన బిడ్డని దాని మీద పండబెడతాం. ఏ దెబ్బా తగలకుండా బతకల్లని."

"అయితే ఈ పాపను కూడా పండబెడతారా?"

"ఇంతవరకు మగబిడ్డల్నే పెట్టినారు. ఆడబిడ్డకు డాలెందుకంటాడు ఇంటికి పెద్దైన మా బావ. దెబ్బలు ఎవరికి తగల్తాయో ఆయనకేం తెలుసు? ఈ పొద్దు నేనే పండబెడతా. అడ్డమొచ్చేదెవరో సూస్తా."

కాసేపు ఆ బొమ్మనే చూసింది. తర్వాత, "పుస్తకం అట్లే పట్టుకో అప్పా" అని, పాపను ఒడిలోంచి ఎత్తి ఆ పేజీలోని డాలు మీద పడుకోబెట్టింది.

పుంగనూరు వచ్చేదాకా నేను పేజీ తిప్పలేదు.