వరదనాటికి పిల్ల వయసెంత

మా హైస్కూల్లో బాస్కెట్‌బాల్ కోర్టు ఉండడమే ఒక విచిత్రం. ఊళ్ళో రైసుమిల్లు యజమాని ఎవరో చెబితే విని, ఆడపిల్లల కోసమని నున్నటి సిమెంటు గచ్చు పోయించి, చెరో పక్క ఒక స్తంభం పాతించాడు. కోతలు కాగానే రైతులు దాని మీద ధాన్యం ఆరబోసుకునేవారు. "రెండ్రోజులేనండి టీచరుగారూ" అని రెండు వారాలు లాగేవారు. ధాన్యం ఎత్తేశాక పిల్లలూ నేనూ చీపుళ్ళు పట్టి ఊడ్చినా ఎక్కడో కాస్త ఊక మిగిలేది. దాని మీద జారి ముందు పడేదాన్ని నేనే. అక్కడ నేను డ్రిల్లు టీచర్ని. ఖోఖో ఆడి ఉద్యోగం తెచ్చుకున్నాను. బాస్కెట్‌బాల్ నాకు పుస్తకంలో చదివిన ఆట.

మా జట్టు ఎక్కడికెళ్ళినా ఓడిపోయేది. రాజమండ్రిలో ఓడాం, కాకినాడలో ఓడాం, చివరికి మా పక్క మండలం వాళ్ళు కొత్తగా జట్టు కడితే వాళ్ళ చేతిలోనూ ఓడాం. తిరుగు బస్సులో మావాళ్ళు జామకాయలు తింటూ పాటలు పాడుకునేవారు. బాధంతా నాకొక్కదానికే. వాళ్ళను చూస్తే ఒళ్ళు మండిపోయేది.

తొంభై తొమ్మిదిలో జిల్లా కేంద్రం నుంచి కాగితం వచ్చింది. దూరాన ఒక క్రీడా హాస్టల్ ఉంది, అక్కడ తిండీ బట్టా చదువూ శిక్షణా అన్నీ ఉచితం. బడికి ఒక్క పేరే పంపాలి. సర్టిఫికెట్టు ప్రకారం పద్నాలుగేళ్ళు దాటకూడదు. ఇప్పుడెలా ఆడుతోందన్నది కాదు, ముందుముందు ఎంత ఎదుగుతుందో చూసి రాయాలట. ఆ మాట చదివి చిరాకు పడ్డాను. మనిషి ముందుముందు సంగతి చెప్పడానికి నేనేమన్నా సిద్ధాంతినా?

నా కళ్ళకు ఇద్దరే ఆనారు, ఇద్దరూ ఎనిమిదో తరగతే. ఒకమ్మాయి మిగతావాళ్ళకంటే జానెడు పొడుగు. గాల్లో బంతిని ఎవరికీ అందకుండా అందుకునేది. అందుకున్నాక దాన్నేం చెయ్యాలో తెలియక నా మొహం చూసేది. రెండో అమ్మాయి పొట్టిది. బంతి చేతికి రాకముందే ఎవరికివ్వాలో ఆమెకు తెలిసిపోయేది గానీ, తను విసిరిన బంతి రింగు దాకా వెళితే ఒట్టు. ఉదయం పొడుగు పిల్లను పంపాలనిపించేది, సాయంత్రం ఆట చూశాక పొట్టి పిల్లను. ఫారంలో పేరు పెన్సిలుతో రాసి, చెరిపి, మళ్ళీ రాసి, ఆ గడి దగ్గర కాగితం పల్చబడిపోయింది.

చివరికి సైన్సు మాస్టారిని అడిగాను. "ఆడపిల్లలు పదిహేను దాటాక ఇంకేం పొడుగెదుగుతారండీ? వయసు చూసుకోండి, తేలిపోద్ది" అన్నారు. నిజమే కదా అనుకుని రిజిస్టరు తీశాను. ఇద్దరికీ పదమూడే. అసలు ఆ తరగతిలో సగంమంది జూన్‌లో పుట్టినవాళ్ళే. చెయ్యి తల మీదుగా వేసి అవతలి చెవి అందుకుంటే అయిదేళ్ళు నిండినట్టు రాసుకుని బళ్ళో చేర్చుకునే రోజులవి. నిజం తల్లులకే తెలుస్తుందని బయల్దేరాను.

పొడుగు పిల్లది గోదావరి నడుమ లంకలో ఇల్లు. తండ్రి పోయాడు. తల్లి అరటితోటల్లో పనికెళ్ళి ఇద్దరు పిల్లల్ని సాకుతోంది. మంచం వాల్చి కూర్చోమంది. హాస్టల్ సంగతంతా చెప్పి, "రిజిస్టరులో ఉన్నది కాదమ్మా, నిజం వయసెంత?" అన్నాను. ఆవిడ కాసేపు కూతుర్ని చూసింది, నన్ను చూసింది.

"పెద్ద వరదొచ్చి ఏటిగట్టు మీద ఉన్నామండీ, అప్పటికిది నా వేలట్టుకుని నడిచేదండి. మూడేళ్ళుంటాయండి. ఎక్కడైనా ఉండగలదండి ఇది, గట్టి పిల్ల" అంది.

ఆ వరదొచ్చింది ఎనభై ఆరులో. వేళ్ళ మీద లెక్కపెట్టాను. పదహారు! అయితే ఈ పిల్ల ఎదగడం అయిపోయిందన్నమాట. పొట్టి పిల్ల తల్లినీ అడిగాను. వరదనాటికి పిల్ల ఇంకా కడుపులోనే ఉందని చెప్పిందావిడ. అంటే పన్నెండు దాటి కొద్ది నెలలు. పైగా తల్లి నా కంటే పొడుగు. హమ్మయ్య, తేలిపోయిందనుకున్నాను. పొట్టి పిల్ల పేరు సిరాతో రాసి పంపేశాను. ఆ పిల్ల వెళ్ళే రోజున ట్రంకు పెట్టెను బస్సు టాపు మీదికి అందించింది పొడుగు పిల్లే. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

తేలిందనుకున్నది తేలలేదు. పొడుగు పిల్ల ఎదగడం ఆపలేదు. తొమ్మిదో తరగతిలో కుట్టించిన పావడా ఆ సంక్రాంతి దాటేసరికే పైకి పోయింది. పదో తరగతికి వచ్చేసరికి ఆ పిల్లతో మాట్లాడాలంటే నేను మెడ ఎత్తాల్సి వచ్చేది. నా లెక్కలో అప్పటికి పద్దెనిమిది నిండాయి, మరిదేమిటి? సైన్సు మాస్టారేమో "ఒక్కోళ్ళు ఎదుగుతారండీ" అనేసి, పేపరు దిద్దుకోవడంలో పడ్డారు. సెలవులకు పొట్టి పిల్ల వచ్చింది. అంగుళం కూడా ఎదగలేదు. కానీ హాస్టల్ జట్టులో తను లేకపోతే ఆట నడవదట, ఆ సంగతి వాళ్ళ కోచ్ స్వయంగా ఉత్తరం రాశారు. ఎదుగుతుందని పంపిన పిల్ల ఎదగలేదు, అయినా బాగా ఆడుతోంది. నేను చేసింది ఒప్పో తప్పో నాకర్థం కాలేదు. సంతోషించబోతే పొడుగు పిల్ల ఎదురుగా నిలబడేది.

ఉండబట్టలేక మళ్ళీ లంకకు వెళ్ళాను. తల్లి వాకిట్లో చేట పట్టుకుని బియ్యం చెరుగుతోంది. కూతురు గుమ్మంలో నిలబడితే పై కమ్మి తలకు తగులుతోంది.

"అమ్మా, వరదప్పుడు ఇది నడిచేదన్నావు. నిజమేనా?" అన్నాను.

"లేదండి" అంది ఆవిడ, తడుముకోకుండా. "వరదెళ్ళిన మరుసటేడు పుట్టిందండి."

"మరి నాకలా ఎందుకు చెప్పావు?"

"మీరు హాస్టల్ అన్నారు కదండీ. మరీ పసిదంటే ఒక్కత్తీ ఉండలేదని వద్దంటారేమోనని, నాలుగేళ్ళు కలిపి చెప్పేనండి. ఎలాగైనా ఎల్తే దాని బతుకు బాగుంటదని."

కూతురు వెళ్ళాలని ఆవిడ కలిపిన ఏళ్ళను చూసే నేను ఆ పిల్ల పేరు చెరిపేశాను. ఇప్పుడు పంపుదామన్నా సర్టిఫికెట్టులో పదిహేను వచ్చేశాయి, వాళ్ళు తీసుకోరు. ఆ మాట చెప్పాలా, చెప్పకూడదా? చెబితే జన్మంతా తనని తాను తిట్టుకుంటుంది. చెప్పకపోతే ఎలా, నేనెందుకొచ్చానో చెబుతానని ఎదురుచూస్తోంది. సిగ్గుతో, బాధతో కళ్ళు దించుకున్నాను.

ఆవిడ చేట కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది.

"మళ్ళీ ఎవరన్నా అడగడానికొస్తే ఎన్నేళ్ళని చెప్పమంటారండీ, టీచరుగారూ?"