ఈల అన్న మాట

1979 ఫిబ్రవరి 6, మంగళవారం, ఉదయం ఐదు గంటలు. యారాడ కొండ మీది మా పరిశోధన గదికి నీళ్లు తెచ్చే ఆమె బిందె దించి, చెవి మీది చెంగు తొలగించుకుంది. ఎక్కడికి వెళ్లినా, ఏదైనా వినబడుతుందేమోనని ఆమె ముందుగా చేసే పని అదే. నెల క్రితం ఆమె కొడుకు సముద్రంలో చేపల వేటకు వెళ్లి తిరిగి రాలేదు. ఇక రాడని తేల్చుకుని, ఆదివారం కర్మ చేయించాలని బంధువులు నిర్ణయించారు.

ఆకాశంలోని తరంగాలను పట్టి వినిపించే మా రిసీవరు స్పీకరులో ఒక సన్నని ధ్వని పైనుంచి కిందికి జారింది.

“ఏటి బాబూ అది?”

మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. ఎవరేమి అడిగినా సరిగా చెప్పాలనుకునేవాణ్ణి. “ఈల,” అన్నాను. మా శాస్త్రంలో దాని పేరు అదే.

“ఎవులేసినారు?”

“ఎవరూ కాదమ్మా. దక్షిణ సముద్రం మీద ఎక్కడో మెరుపు మెరిసింది. దాని తరంగాలు విద్యుత్తు నిండిన ఆకాశపు పై పొరల్లోకి ఎగసి, భూమి అయస్కాంత రేఖల వెంట వచ్చి ఇక్కడ దిగాయి. సన్నని స్వరాలు ముందు చేరతాయి, బొంగురువి వెనకబడతాయి. అందుకే అలా జారుతుంది.”

“ఈలంటే ఏసినోడుండాల కదా! మావోడేస్తే రేవులో కుక్కలన్నీ లెగిసీవి.” నవ్వింది. మళ్లీ చెంగు తొలగించుకుంది. “అంతెత్తుకి పోయింది మళ్లీ నేలకి దిగినాదా?”

“దిగింది.”

“దారి తప్పకుండా?”

“తప్పదు. ఆ రేఖలే దారి.”

ఆమె చెంగు నడుముకి దోపుకుంది. “అయితే ఆదివారం ఒద్దని సెప్పీత్తాను,” అంది.

నేను అక్కడ ఉన్నన్నాళ్లూ కర్మ జరగలేదు. ఆ ధ్వనిని మరెవరికీ ఈల అని చెప్పలేదు.