పలివెలలో కరుణమ్మ గారి బొమ్మ

మా అమ్మ బొమ్మ గీసి మా అమ్మకే చూపిస్తే, కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసి, "ఎవరే ఈవిడ?" అంది. నా ప్రయాణం అక్కడే మొదలైంది. నాలుగేళ్ళుగా ట్యాబ్ మీద డిజిటల్ బొమ్మలు గీస్తున్నాను. చీర జరీ పోగు పోగునా వస్తుంది, జుట్టు వెంట్రుక వెంట్రుకా వస్తుంది, మనిషి మాత్రం రాదు. ఎవర్ని గీసినా షోకేసులో బొమ్మలా నున్నగా తయారవుతారు. అమ్మ మాటకి నవ్వేశాను గానీ లోపల చివుక్కుమంది. ఒక్క మనిషైనా నేను గీసిన బొమ్మ చూసి "ఇది నేనే" అనాలి, లేకపోతే ఈ ట్యాబ్ మా చెల్లెలి కూతురికి ఇచ్చేసి ఊరుకోవాలి అనుకున్నాను. అప్పుడే ఒక స్నేహితురాలు కొత్తపేట దగ్గర పలివెలలో ఉండే ప్రసాదు గారి సంగతి చెప్పింది. విగ్రహాలు చేసే కుటుంబం వాళ్ళది. ఆయన మట్టిపని నుంచి ట్యాబ్‌కి మారి, నిజం మనిషిలా కనిపించే బొమ్మలు గీయడం ఇంట్లోనే రెండు రోజుల క్లాసుగా చెబుతారు.

మీరూ వెళ్ళాలనుకుంటే దారి తేలికే. విజయవాడలో తెల్లవారుజాము రైలెక్కితే టిఫిను వేళకి రాజమండ్రిలో దిగుతారు. అక్కడ బస్ కాంప్లెక్సులో రావులపాలెం మీదుగా అమలాపురం వెళ్ళే బస్సు పట్టుకోవాలి. జొన్నాడ వంతెన మీద గోదావరి చూడాలంటే కిటికీ పక్క సీటు కావాలి. నాకు దొరకలేదు, వంతెన పొడుగునా ఒక పెద్దాయన భుజమే చూశాను. రావులపాలెంలో దిగి షేర్ ఆటో ఎక్కితే ముప్పై రూపాయల్లో పలివెల వచ్చేస్తుంది. ఎందుకొచ్చారని ఆటో ఆయన అడిగితే, బొమ్మలాయన ప్రసాదు గారింటికి అన్నాను. ఆయన వెంటనే వేగం తగ్గించి, గొంతు కూడా తగ్గించి, "ఎవరు పోయేరండీ?" అని అడిగాడు. ఈ వైపు విగ్రహం చేయించుకోడానికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఇంట్లో ఎవరో పోతే వస్తారట. ఎవరూ పోలేదు, నేర్చుకోడానికి వచ్చానంటే ఊపిరి పీల్చుకుని మళ్ళీ వేగం పెంచాడు.

ప్రసాదు గారు ముందుగా నా పాత బొమ్మలు చూపించమన్నారు. అమ్మ బొమ్మ తెరవగానే, "బుగ్గలకి ఈ మైదాపిండి ఏంటండి?" అన్నారు. నేను ముచ్చటపడి గంటలకొద్దీ మెత్తటి బ్రష్షుతో రుద్దిన బుగ్గలవి. తర్వాత ట్యాబ్ పక్కన పెట్టించి, చేతికి మట్టిముద్ద ఇచ్చి, కళ్ళు మూసుకుని నా ముఖాన్నే తడుముకుంటూ చెంప ఎముక చేయమన్నారు. నేను చేసింది బంగాళాదుంపలా వచ్చింది గానీ, చెంప ఎక్కడ మలుపు తిరుగుతుందో వేళ్ళకి తెలిసింది. మధ్యాహ్నం నుంచి ట్యాబ్ మీద మొదట బూడిదరంగుల్లోనే వెలుగూ నీడా పెట్టించారు, రంగులు ఆ తర్వాతే. నీడలకి నలుపు వాడనివ్వలేదు. ఎముక ఉన్నచోట అంచు గట్టిగా, కండ ఉన్నచోట మెత్తగా ఉంచమన్నారు. బొమ్మని పెద్దది చేసుకుని కనురెప్పల మీదికి పోతుంటే మాత్రం వెనక నుంచి ఆపేవారు. "అంత జూమ్ చేస్తే రెప్పలొస్తాయండి, మనిషి రాదండి," అనేవారు.

నాకు ఎదురుగా కూర్చున్నది పక్కింటి కరుణమ్మ గారు. క్లాసుకి వచ్చినవాళ్ళు బస చేసేది వాళ్ళ మేడ మీద గదిలోనే. అద్దెలో భోజనం కూడా కలిసి ఉంటుంది, ఆవిడ చేసిన పనసపొట్టు కూర తలచుకుంటే ఇప్పటికీ నోరూరుతుంది. భర్త ఏసుపాదం గారు మస్కట్‌లో డ్రైవరు. ఆయన గదిలో పెట్టుకోడానికి తన బొమ్మ పంపాలని ఆవిడకి ఉంది. ఫొటో పంపొచ్చుగా అంటే, ఏ ఫొటోలోనూ తను తనలా ఉండదని కొట్టిపారేశారు. అరటిచెట్ల పక్కన వరండాలో కూర్చోబెడితే ఆవిడ గడ్డం కింద పచ్చటి ఛాయ కనిపించింది. ముందు నా స్క్రీన్ పాడైందనుకున్నాను. ఆకుల మీది వెలుగు ఒంటి మీద పడుతుందని ప్రసాదు గారు చెప్పాక, ఆ పచ్చదనం కాస్త కలిపితే గడ్డానికి ప్రాణం వచ్చింది. మధ్యమధ్యలో బొమ్మని ఎడమ కుడి అయ్యేలా, అద్దంలో చూసినట్టు తిప్పి చూడమనేవారు. అలవాటుపడిన కంటికి ఆనని వంకర్లు అప్పుడు దొరికిపోతాయి.

రెండోరోజు సాయంత్రానికి మెడ వరకూ పూర్తయింది. చీర ఇంకా వేయలేదు. ట్యాబ్ చూపించగానే కరుణమ్మ గారు చెంగుతో చేతులు తుడుచుకుని, దగ్గరికి లాక్కుని చూసి, "అచ్చం నేనేనండి!" అన్నారు. నా కాళ్ళు నేల మీద నిలవలేదు. అదే ఊపులో మస్కట్‌కి బొమ్మ పంపేశాం. ఆరోజు శుక్రవారం, ఆయనకి సెలవు. వెంటనే వీడియో కాల్ చేసి మెచ్చుకున్నారు, చేయి తిరిగిన పని అన్నారు. ఆ తర్వాత మొహమాటపడుతూ, "కరుణలాగే ఉన్నారు గానీ కరుణ కాదండి. వాళ్ళ అక్కగారాండీ?" అని అడిగారు.

మా అమ్మ గొంతు మళ్ళీ వినిపించినట్టయింది. కరుణమ్మ గారికి అక్కలే లేరు. ప్రసాదు గారు మాత్రం ట్యాబ్ తీసుకుని చూసి, నవ్వి, "తిప్పి చూసేరు, మళ్ళీ యథాస్థానానికి తిప్పడం మర్చిపోయేరండి. పైట వేసుంటే అప్పుడే దొరికిపోయేవారు," అన్నారు. నిజమే, పైట కుడిభుజం మీద కనిపిస్తే ఎవరికైనా తెలిసిపోయేది. ఎడమ బుగ్గ మీది పుట్టుమచ్చ కుడి బుగ్గకి వెళ్ళిపోయి ఉంది, కాస్త పైకి లేచిన కనుబొమ కూడా అటుదిటు అయింది. రోజూ అద్దంలో ఇలా తిరగబడిన ముఖాన్నే చూసుకుంటారు కాబట్టి ఆవిడకి అది తనలాగే కనిపించింది. బొమ్మని సరిగ్గా తిప్పి పంపితే ఏసుపాదం గారు, "ఆయ్, ఇదండీ మా కరుణ!" అన్నారు. ఇప్పుడు పేచీ పెట్టింది కరుణమ్మ గారు, ఇది తను కాదని. అప్పటిది ఉంచమంటారా, ఇప్పటిది ఉంచమంటారా అని అడిగాను. ఆవిడ ఆ రెండో బొమ్మని చాలాసేపు చూశారు.

"అయితే ఇన్నేళ్ళూ ఆయన చూస్తున్నది ఈవిడనన్నమాట," అన్నారు. తర్వాత కాస్త సిగ్గుపడి, "పర్లేదండి, బాగానే ఉంది. ఇదే ఉంచండి," అన్నారు.

తిరుగు ప్రయాణంలో వంతెన మీద కిటికీ సీటు దొరికింది గానీ నేను గోదావరిని సగమే చూశాను. మనసంతా నిండుగా ఉంది. మనిషిని ఉన్నది ఉన్నట్టు గీయడమంటే రంగులూ నీడలూ కుదిరితే చాలనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆ ముఖాన్ని రోజూ ఎదురుగా చూసేవాళ్ళు ఉంటారని, సొంతదారుకి ఆ చూపు ఎప్పటికీ దొరకదని తట్టనేలేదు. మీరు నేర్చుకునేటప్పుడు ఒక్క జాగ్రత్త తీసుకోండి. ముఖం మొదలుపెట్టగానే పైట కూడా ఒక గీత గీసి పెట్టుకుంటే, బొమ్మ ఎటు తిరిగి ఉందో ఎప్పుడూ తెలుస్తుంది. రాజమండ్రి స్టేషన్ నుంచి అమ్మకి ఫోన్ చేసి, ఆదివారం కిటికీ దగ్గర కాసేపు కూర్చోవాలని చెప్పాను. "నన్నేనా గీసేది, మళ్ళీ ఆవిడనేనా?" అంది. నిన్నే, ఈసారి నువ్వు గుర్తుపట్టకపోయినా సరే, నేను చూసే నిన్నే గీస్తానన్నాను.

"అయితే ఆ మెరూన్ చీర కట్టుకుంటాలే," అంది అమ్మ.