మా షెడ్డును మోసిన కారు

ఆ కారును మా క్వార్టరుకు తెచ్చింది ఎడ్లు. ఈ మాట చెబితే ఇప్పుడు ఎవరూ నమ్మరు. ఆ ఎడ్లు కూడా అప్పుడు నమ్మలేదు. దారి పొడుగునా వెనక్కి తిరిగి చూస్తూనే నడిచాయి.

డెబ్భైలలో సంగతి ఇది. గోదావరిఖనిలో ఒక బొగ్గు బాయిలో, అంటే గనిలో, నేను పంపు ఆపరేటర్ని. రామగుండం స్టేషను వైపు బంగళాలో ఉండే ఇంజనీరు ఒకాయన ఉద్యోగం ముగించుకుని ఊరెళ్ళిపోతూ, పెరట్లో ఏళ్ళ తరబడి కోళ్ళు కాపురం చేస్తున్న తన పాత కారును నాకు చూపించి, "తీసుకుపో, కోళ్ళను మాత్రం దించి పో" అన్నాడు. తెల్లదొరల కాలం నాటి బండి. ముందు కప్పకళ్ళలాంటి దీపాలు, రెండు పక్కలా కాలుపెట్టి ఎక్కే పలకలు, పైకి తెరుచుకునే ముందు అద్దం. దానికి పట్టిన తుప్పు గీకి కరిగిస్తే కాజీపేట దాకా ఇంకో రైలు పట్టా వేయొచ్చు. నాకు మాత్రం అందులో పెళ్ళికొడుకు కనిపించాడు.

మా ఆవిడకు కనిపించలేదు.

"ఏందయ్యా గిది? కారన్నవు, కోళ్ల గూడు తెచ్చినవు."

"నడుస్తది, సూడు."

"ఎప్పుడు?"

"జల్ది."

ఆ 'జల్ది' మూడు వానాకాలాలు పట్టింది.

మా వంటింటి గోడకూ పక్కింటి గోడకూ మధ్య సందులో నాలుగు గుంజలు పాతి, అడ్డంగా ఒక దూలం పెట్టి, పైన పాత రేకులు పరిచి షెడ్డు కట్టాను. కట్టడానికి ఎవరినీ అడగలేదు. అడిగితే వద్దంటారు కదా! నలుగురం కలిసి కారును వెనక్కి తోసి, మొహం రోడ్డు వైపు ఉండేలా పెట్టాం. సందు ఎంత ఇరుకంటే, కారుకూ గోడకూ మధ్య నేను పోవాలంటే ఊపిరి బిగబట్టాలి, తినివస్తే అదీ కుదరదు. గాలికి రేకులు లేవకుండా పైన రాళ్ళు పెట్టాను. రాళ్ళు పెట్టిన చోట జాగా ఉందని మా ఆవిడ పగిలిన రోలు పెట్టింది. రోలు చుట్టూ సొరతీగ పాకింది. సొరకాయలు కాశాయి. అవి కాసినంత ధైర్యంగా మా పంపులు కూడా నీళ్ళు పోసేవి కావు.

పాత కారు బాగుచేసుకోవాలనుకునే వాళ్ళకు నాకు తెలిసిన నాలుగు మాటలు ఇక్కడే చెప్పేస్తాను, మళ్ళీ మరిచిపోతాను.

పట్టేసిన ఇంజనును సుత్తితో కొట్టకూడదు. నేను కొట్టబోతుంటే చౌరస్తా దగ్గరి మెకానిక్ ఉస్తాద్ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "అరే భాయ్, అది సచ్చిపోలే, పండుకున్నది. ప్లగ్గులు తీసి ఆ బొక్కలల్ల కిర్సనాయిల్, ఇంజనాయిల్ కలిపి పొయ్యి. ఫికర్ చెయ్యకు. ఐతారమైతారం ముంగట హ్యాండిలు పెట్టి జర అటు, జర ఇటు తిప్పు. లేస్తది" అన్నాడు. ఆ ప్రకారం ఒక వేసంగి మొత్తం ప్రతి ఆదివారం ఆ ఇంజనుకు మందు పట్టాను. చంటిపిల్లకు కూడా అంత ఓపికగా ఎవరూ పట్టి ఉండరు.

పెట్రోలు ట్యాంకు లోపల తుప్పు పోవాలంటే గోదావరి గులకరాళ్ళు, కిర్సనాయిలు పోసి గంటల తరబడి ఊపాలి. నేను దాన్ని చీరలో వేసి దూలానికి ఉయ్యాల కట్టి ఊపాను. చప్పుడు విని చూడవచ్చిన ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నా మొహం చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయారు. ఇక చిన్న చిల్లులకు బట్టల సబ్బు అరగదీసి పూస్తే చాలు, పెట్రోలు దాన్ని కరిగించలేదు.

మా బొగ్గు బెల్టులో ఇంకో జాగ్రత్త. కారు మీద పడ్డ బొగ్గుదుమ్మును పొడిబట్టతో తుడవకండి, గీతలు పడతాయి. ముందు నీళ్ళు పోయండి. రంగు వేస్తే పొద్దున్నే వేయండి. నేను సాయంత్రం వేశాను. తెల్లరంగు. అదే వేళకు కాలనీ మొత్తం బొగ్గుల పొయ్యిలు రాజేసింది. దీపాలు పెట్టేసరికి నా షెడ్డులో ఒక ఏనుగుపిల్ల నిలబడి ఉంది.

ఇక బోల్టులు. ఏ భాగంవి ఆ భాగం పక్కన విడిగా దాచాలి. మా ఇంట్లో విడివిడి గదులున్న డబ్బా పోపుల డబ్బా ఒక్కటే. దాన్ని గురించి ఇంతకన్నా రాస్తే ఇప్పటికీ ఇంట్లో గొడవవుతుంది.

మా పక్క క్వార్టరాయన బాయిలో టింబర్‌మన్. అంటే లోపల బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కర్రదిమ్మెలు నిలబెట్టేవాడు. మా ఆవిడను చెల్లె అనేవాడు కాబట్టి నేనూ ఆయనా ఒకరికొకరం బావలం. ఆయన మీసాలు ఎంత పెద్దవంటే బాయిలోకి మనుషుల్ని దించే పంజరంలో దిగేటప్పుడు వాటికి వేరే టోకెను ఇవ్వాలని మేమంతా అనుకునేవాళ్ళం. బాయిలో పైకప్పును కర్రతో కొట్టి చప్పుడు వినడం ఆయన అలవాటు. ఖంగుమంటే గట్టిది, బొదబొదమంటే పడేది. ఆ అలవాటు ఇంట్లోనూ పోలేదు. కల్లు కుండ నుంచి అల్లుడి వీపు దాకా దేన్నయినా కొట్టి విని గానీ మాట్లాడేవాడు కాదు. నా కారు చుట్టూ ఒకనాడు అలాగే కొట్టుకుంటూ తిరిగి, "బావా, గీడ బోలు పలుకుతంది. రంగు కింద తిన్నది" అన్నాడు. గీకి చూస్తే అరచేయంత తుప్పు. రంగు వేసే ముందు మీరూ కొట్టి వినండి.

మూడో వానాకాలంలో పెద్ద ముసురు పట్టింది. నేను డ్యూటీలో ఉన్నాను. రేకులు, రాళ్ళు, రోలు, సొరతీగ అన్నీ తడిసి దూలం నడుమ వంగిపోయి, కారు నెత్తిన పడబోయిందట. మా ఆవిడ కేకేస్తే బావ ఉరికొచ్చాడు. నేను ఇంటికొచ్చేసరికి రెండు బలమైన దిమ్మెలు కారుకు అటొకటి ఇటొకటి నిలబడి దూలాన్ని మోస్తున్నాయి. దూలానికీ దిమ్మెకూ మధ్య చెక్కముక్కలు బిగగొట్టి ఉన్నాయి.

"మా బాయైన కూలుతది గాని గిది కూలదు బావా!" అని మీసం దువ్వాడు.

నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. దిమ్మెలు తలుపులకు అడ్డమయ్యాయి గనుక ఆనాటి నుంచి ముందు అద్దం పైకెత్తి, బానెట్ మీదుగా కారులోకి పాకడం నేర్చుకున్నాను. ఉపకారం చేసినవాడి దిమ్మెలకు వంక పెడతామా? టైర్లకు సైకిలు పంపుతో గాలి కొట్టిన రోజున మా ఆవిడ, "ఏమయ్యో, రోలు లేసింది సూడు" అంది. షెడ్డు కప్పు బెత్తెడు పైకి లేచింది నిజమే. నాకు టైర్ల సంతోషంలో కప్పు సంగతి పట్టలేదు.

అప్పుడొచ్చాడు, క్వార్టర్ల సంగతి చూసే ఎస్టేటు ఆఫీసు సూపర్వైజరు. వానలు వెనకబట్టాయి, పెద్ద పెద్ద ఆఫీసర్లు కాలనీ చూడటానికి వస్తున్నారట. అడగకుండా కట్టిన షెడ్లన్నీ తీసేయాలి. వాకిళ్ళలో పడున్న తుక్కంతా లారీలో ఎత్తుకుపోతారు. గొడుగు కొనతో నా కారును పొడిచి, "గిది గూడ" అన్నాడు.

"సార్, అది కారు!"

"నడుస్తదా?"

నేను గొడుగు పొడిచిన చోట రంగును అరచేత్తో తుడిచాను.

"నడిస్తె బండి, ఉంచుకో. నడవకుంటె తుక్కు. సోమవారం పొద్దుగాల లారీ వస్తది. నా కండ్ల ముంగట నడవాలె."

ఆ రెండు మాటలతో నా మూడు వానాకాలాలు లారీ అంచున వేలాడాయి. ఆ రాత్రి అన్నం కంచం పక్కకు నెట్టి కూర్చున్నాను. అంతవరకూ కారును తిట్టని రోజు లేని మా ఆవిడ, కంచం నా ముందుకు జరిపి, "తిను. తిననోడు హ్యాండిలేం తిప్పుతడు?" అంది. అప్పుడు తెలిసింది, ఆమెకూ గుండెల్లో గుబులుగానే ఉందని.

శని, ఆదివారాలు ఉస్తాద్ మా షెడ్డులోనే ఉన్నాడు. కాంటాక్టు పాయింట్లు గీకాడు, ప్లగ్గులు కడిగాడు, అట్ట కత్తిరించి గాస్కెట్లు వేశాడు. సోమవారం పొద్దున ఫస్టు షిఫ్టు సైరన్ అయ్యాక నేను లోపల కూర్చున్నాను, ఉస్తాద్ హ్యాండిలు తిప్పాడు. ఇంజను దగ్గింది. ఉమ్మింది. తర్వాత గోదావరికి అవతలి ఒడ్డున పడుకున్న వాళ్ళు కూడా లేచేలా గర్జించింది. రేకులు గలగలలాడాయి, ఒక సొరకాయ తెగి పడింది. నేను లోపల అరుస్తున్నాను, ఉస్తాద్ బయట ఎగురుతున్నాడు, మా ఆవిడ నవ్వుతోంది. నైట్ షిఫ్టు నుంచి అప్పుడే వచ్చిన బావ మాత్రం నవ్వలేదు. వంగి దిమ్మెల కాళ్ళు చూస్తున్నాడు.

"బంజెయ్!" అని అరిచాడు. నేను ఇంజను ఆపి, బానెట్ మీదుగా బయటికి పాకాను.

"ఏమైంది బావా?"

"దిమ్మెలు దేని మీద నిలవెట్టిన్నో ఎరికేనా?"

"భూమ్మీద."

"భూమి యాడుంది బావా, గీ సందుల! కారు పలకల మీద నిలవెట్టిన."

నేనూ వంగి చూశాను. కారుకు రెండు పక్కలా ఉన్న, కాలుపెట్టి ఎక్కే పలకల మీదే నిలబడి ఉన్నాయి దిమ్మెలు. నేల మీద దిమ్మె పట్టే జాగా లేదు. చీకట్లో, వానలో, అలవాటు చొప్పున గట్టి ఆధారం ఎక్కడ దొరికితే అక్కడ నిలబెట్టాడు. మూడు నెలలుగా నా షెడ్డును మోస్తున్నది కారు! దిమ్మెలు తీస్తే కప్పు కారు మీద పడుతుంది. కారు కదిలితే కప్పు దాని వెనకే పడుతుంది. కదలకపోతే లారీ వస్తుంది.

వచ్చింది కూడా. సందు మొగకు కాస్త పక్కగా లారీ ఆగింది, గొడుగు దిగింది.

"ఏంది, నడుస్తదా?" అన్నాడు సూపర్వైజరు.

"నడుస్తది సార్," అన్నాడు బావ, నాకంటే ముందే. తర్వాత నా చెవిలో, "బావా, బాయిల దిమ్మెలు గుంజేటప్పుడు ఏం జేస్తం? ఎనక్కు సూడకుంట ఉరుకుతం. నువ్వు గూడ గంతే. మెల్లగ పోతివా, రోలు నీ నెత్తి మీదనే."

తన తలమీది బాయి టోపీ తీసి నా తలకు పెట్టాడు. అది నా ముక్కు దాకా దిగింది. నేను బానెట్ మీదుగా లోపలికి పాకాను. ఉస్తాద్ హ్యాండిలు తిప్పి, ఇంజను అందుకోగానే హ్యాండిలు గుంజుకుని పక్కకు దూకాడు. బావ మా వంటింటి కిటికీలోంచి చెయ్యి చాపి దిమ్మె మీద అరచేయి ఆనించాడు. కర్ర లోపల చిటచిట మొదలైతే అరచేతికే తెలుస్తుందట. మా ఆవిడను లారీ అవతలికి పొమ్మన్నారు. ఆమె పోలేదు, వాకిట్లోనే నిలబడింది.

"పో బావా, పో!"

క్లచ్చి వదిలాను. కారు ఒక్కసారి ముందుకు దూకింది. దిమ్మెలు రెండూ కొమ్ముల్లా వంగాయి, దూలం పెళ్ళుమంది, నేను వెనక్కి చూడలేదు. చూద్దామన్నా టోపీ కళ్ళమీదే ఉంది. నా వెనకాల మొదట ఒక రేకు పడిన చప్పుడు, తర్వాత అన్నీ, అన్నిటికన్నా చివర రోలు. మందమర్రి దాకా వినబడి ఉంటుంది. దుమ్ము కాలనీని మింగేసింది.

కారు రోడ్డు మీద ఉంది. నడుస్తూనే ఉంది.

దుమ్ములోంచి మా ఆవిడ గొంతు వినిపించింది. "ఏమయ్యో! ఉన్నవా?"

"ఉన్న! నువ్వు?"

"ఉన్న! అన్న ఉన్నడా?"

"ఉన్న చెల్లె," అన్నాడు కిటికీలోంచి బావ. మీసాలు తెల్లబడ్డాయి, అంతే. నేను టోపీ నెత్తి మీదికి తోసి గట్టిగా నవ్వాను, భయం తీరిపోయిన నవ్వు. అంత హాయిగా నేను ఎప్పుడూ నవ్వలేదు.

సూపర్వైజరు కుప్పగా పడ్డ రేకుల్ని చూశాడు, గడగడమంటున్న కారును చూశాడు. తీసేయమన్న షెడ్డు లేదు. తీసుకుపోదామన్న తుక్కు నడుస్తోంది. గొడుగు మడిచి, కారు తలుపు తీశాడు. దిమ్మెలు లేవు గనుక తలుపు తెరుచుకుంది.

"జర ఆఫీసు కాడ దించు," అన్నాడు.

ఆయన వెనక సీట్లోకి ఎక్కాడు. నన్నడక్కుండా మా ఆవిడ ముందు సీట్లో కూర్చుంది, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, ఎవరైనా చూస్తున్నారా అని అటూ ఇటూ చూసింది. అందరూ చూస్తున్నారు. దారిలో ఇంజను దగ్గినప్పుడల్లా నేనూ దగ్గాను, చప్పుడు కలిసిపోవాలని. సూపర్వైజరు ఆఫీసు గేటు ముందు దిగి, నాలుగడుగులు వేసి, గేటు దాటాడో లేదో, కారు ఒక్క నిట్టూర్పు విడిచి ఆగిపోయింది.

మేమిద్దరం బొమ్మల్లా బిగుసుకుపోయాం. ఆయన మెట్లెక్కాడు. లోపలికి పోయాడు. తలుపు మూసుకుంది.

"ఎనక్కు సూడలే," అంది మా ఆవిడ, ఊపిరి వదిలి.

వెనకాలే సైకిళ్ళ మీద వచ్చిన బావా ఉస్తాదూ నాతో కలిసి కారును ఇంటిదాకా తోశారు. స్టీరింగు మా ఆవిడ పట్టుకుంది. కుడికి తిప్పమంటే ఎడమకు తిప్పింది, రెండుసార్లు కాలువ దాకా పోయి వచ్చాం. ఎండ మండిపోతోంది, చెమటా బొగ్గుదుమ్మూ కలిసి ముగ్గురం నల్లగా తడిసిపోయాం. అయినా దారిపొడుగునా నవ్వుతూనే తోశాం.